ర్యాలీ కారులో ట్రిప్ మీటర్: బిగించడం, క్యాలిబ్రేట్ చేయడం, దారిలో వాడటం

కొత్తగా నావిగేటర్ సీట్లో, అంటే డ్రైవర్ పక్కన దారి చెప్పే సీట్లో, కూర్చున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "దూరం కొలిచే ట్రిప్ మీటర్‌ని ఫోన్‌లో మ్యాప్‌తో సరిచూశాం, పది మీటర్లు కూడా తేడా లేదు. అయినా టైము చూసే ప్రతి కంట్రోల్‌లోనూ సెకన్లు ఎందుకు పోతున్నాయి?" మ్యాప్‌తో సరిచూడటమే అక్కడ జరిగిన పొరపాటు. ర్యాలీలో మీ మీటర్ కలవాల్సింది భూమ్మీద ఉన్న అసలు కిలోమీటరుతో కాదు, రోడ్ బుక్ (నిర్వాహకులు ఇచ్చే దారి పుస్తకం) తయారు చేసినవాళ్ల కారు కొలిచిన కిలోమీటరుతో. వాళ్ల కిలోమీటరు 1,005 మీటర్లయితే పోటీ జరిగినన్నాళ్లూ మీకూ 1,005 మీటర్లే.

ఇక్కడ రాస్తున్నది టి.ఎస్.డి. ర్యాలీల గురించి, అంటే టైమ్, స్పీడ్, డిస్టెన్స్ పోటీల గురించి. మామూలు రోడ్ల మీద, ట్రాఫిక్ మధ్యలో జరుగుతాయి. ఫలానా చోటి నుంచి ఫలానా చోటి దాకా గంటకు ఇన్ని కిలోమీటర్ల సగటుతో రండి అని ముందే చెప్తారు. మధ్యలో ఎక్కడో మార్షల్స్ గడియారం పట్టుకుని కూర్చుంటారు. ముందొచ్చినా, ఆలస్యంగా వచ్చినా పెనాల్టీ పడుతుంది. హిమాలయాల్లో 1999లో మొదలైన రెయిడ్ డి హిమాలయలోనూ, దక్షిణాదిలో జరిగిన దక్షిణ్ డేర్‌లోనూ ఈ విభాగం ఉండేది. మూసేసిన రోడ్ల మీద స్పెషల్ స్టేజీలుండే వేగం ర్యాలీల్లో కూడా ట్రిప్ మీటర్ ఉంటుంది కానీ, అక్కడ కో-డ్రైవర్ ప్రాణం పేస్ నోట్స్‌లో, అంటే ముందు రాబోయే మలుపుల వివరాలు రాసుకున్న కాగితాల్లో, ఉంటుంది. టి.ఎస్.డి.లో మాత్రం ఈ చిన్న పెట్టె మీదే సగం ఆట నడుస్తుంది.

మీటర్ 0.3 శాతం తప్పు చూపిస్తోందనుకోండి. 40 కి.మీ. తర్వాత ఆ తేడా 120 మీటర్లవుతుంది. 48 కి.మీ. వేగంతో వెళ్లే కారు సెకనుకు 13 మీటర్ల పైచిలుకు పోతుంది, కాబట్టి 9 సెకన్లు గాల్లో కలిసినట్టే. ముందు వరసలో ఉన్న జట్ల మధ్య తేడా చాలాసార్లు అంత కూడా ఉండదు.

పెట్టెలో ఏముంటుంది

టెర్రాట్రిప్, బ్రాంట్జ్, మోనిట్ లాంటి పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. బొత్తాల పేర్లు ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉన్నా లోపలి పని ఒకటే. చక్రం తిరిగినప్పుడు సెన్సర్ పంపే పల్స్‌లను (చిన్న కరెంటు సంకేతాలను) లెక్కపెట్టి, దాన్ని దూరంగా మార్చి చూపిస్తుంది. పూర్వం స్వీడన్‌లో తయారైన హాల్డా మీటర్లు స్పీడోమీటర్ కేబుల్ మీద ఆధారపడి తిరిగేవి. వాటిని క్యాలిబ్రేట్ చేయాలంటే, అంటే కొలత సరిచేయాలంటే, లోపలి పళ్లచక్రాల జతే మార్చాలి. ఇప్పుడు ఒక అంకె మార్చితే సరిపోతుంది. అంత సులువు కాబట్టే ఆ అంకెను తప్పుగా మార్చడం కూడా అంతే సులువు.

స్క్రీన్ మీద రెండు దూరాలుంటాయి. ఒకటి మొత్తం దూరం, అంటే సెక్షన్ (పోటీ దారిలో ఒక భాగం) మొదలైన చోటు నుంచి ఎంత వచ్చామన్నది. రెండోది మధ్య దూరం, అంటే కిందటి జంక్షన్ నుంచి ఎంత వచ్చామన్నది. రోడ్ బుక్‌లో కూడా ఎడమ పక్క ఇవే రెండు అంకెలుంటాయి. వాటి పక్కనే ట్యూలిప్ బొమ్మ ఉంటుంది. గుండ్రని చుక్క దగ్గర మీరున్నారు, బాణం ఉన్న వైపు వెళ్లాలి. నెదర్లాండ్స్‌లోని ట్యూలిప్ ర్యాలీ వల్ల ఆ బొమ్మలకు ఆ పేరొచ్చింది. జంక్షన్ దాటిన ప్రతిసారీ మధ్య దూరాన్ని సున్నా చేస్తారు. మొత్తం దూరాన్ని సెక్షన్ అయ్యేదాకా ముట్టుకోరు, సరిదిద్దాల్సి వస్తే తప్ప.

బొత్తాల్లో ముఖ్యమైనవి నాలుగు: మధ్య దూరాన్ని సున్నా చేసేది, అంకెను స్క్రీన్ మీద ఆపి ఉంచే హోల్డ్, దూరాన్ని పెంచి తగ్గించేది, లెక్కను ముందుకా వెనక్కా అని మార్చేది. సున్నా బొత్తానికి వైరుతో ఒక చేతి స్విచ్చో కాలి స్విచ్చో కలుపుకోండి. కుదుపుల్లో వేలు పక్క బొత్తం మీద పడి మొత్తం దూరం ఎగిరిపోవడం ప్రతి నావిగేటర్ జీవితంలో ఒక్కసారైనా జరుగుతుంది.

సెన్సర్ ఎక్కడ పెట్టాలి

ఇంజిన్ నడిపే చక్రం మీద వద్దు. కంకరలో, బురదలో ఆ చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, మీటర్ మాత్రం కారు ముందుకు పోయిందనుకుంటుంది. ముందు చక్రాలతో నడిచే కారైతే వెనక చక్రం మంచిది. ముందు చక్రానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది, మలుపుల్లో అది వెనక చక్రం కన్నా ఎక్కువ దూరం తిరుగుతుంది. ఇక వెనక చక్రం మీద పెట్టినవాళ్లు మలుపులో హ్యాండ్‌బ్రేక్ లాగి ఆడకూడదు, చక్రం ఆగితే లెక్క కూడా ఆగుతుంది.

డిస్క్ బ్రేక్ ఉంటే పని తేలిక. హబ్ వెనక వైపు బోల్టు తలలకు ఎదురుగా ప్రోబ్ (సెన్సర్ మొన) బిగిస్తే, నాలుగు బోల్టులకు చుట్టుకు నాలుగు పల్స్‌లు వస్తాయి. మధ్య సందు ఎంత ఉండాలో ఆ సెన్సర్‌తో వచ్చిన కాగితంలో రాసుంటుంది, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) పెట్టి అంతే ఉంచండి. మన హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి వెనక డ్రమ్ బ్రేకులు కాబట్టి లోపలి ప్లేటు అడ్డొస్తుంది. అప్పుడు రిమ్ము లోపలి వైపు చిన్న అయస్కాంతాలు అతికించి, వాటిని చదివే రకం సెన్సర్‌ను బ్రాకెట్‌తో ఎదురుగా బిగిస్తారు. నా మొదటి కారుకు అలాగే చేశాం. పోటీ మధ్యలో ఆ చక్రమే పంక్చరైంది. ఐదు నిమిషాల్లో స్టెప్నీ వేసి బయల్దేరి, మేమే హీరోలమనుకున్నాం. రెండు కిలోమీటర్లు పోయాక చూస్తే మీటర్ కదల్లేదు. అయస్కాంతాలు డిక్కీలో ఉన్న చక్రానికి ఉన్నాయి! కాబట్టి అయస్కాంతాలు స్టెప్నీకి కూడా అతికించండి.

జాకీ ఎత్తి పని చేసేటప్పుడు కారు కింద స్టాండు పెట్టి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా రాళ్లో చెక్కలో అడ్డం పెట్టండి. ఒక్క జాకీని నమ్మి ఎవరూ చక్రం పక్కన తల దూర్చకూడదు.

సెన్సర్ వైరును ఆల్టర్నేటర్, ఇగ్నిషన్ వైర్లకు దూరంగా లాగండి. లేకపోతే కారు ఆగున్నప్పుడు కూడా మీటర్ దొంగ పల్స్‌లు లెక్కపెడుతుంది. పరీక్ష తేలిక: కారు నిలబెట్టి ఇంజిన్ రేజ్ చేయండి, హారన్ కొట్టండి, వైపర్లు వేయండి. మీటర్లో అంకె కదిలితే వైరింగ్ తప్పు. కరెంటు మాత్రం బ్యాటరీ నుంచి నేరుగా, మధ్యలో ఫ్యూజు పెట్టి తీసుకోండి. లైటర్ సాకెట్‌కు గుచ్చితే చాలా కార్లలో ఇంజిన్ స్టార్ట్ చేసే ఆ ఒక్క క్షణంలో కరెంటు తెగి, ట్రిప్ మీటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది.

జి.పి.ఎస్. సెన్సర్ పెడితే ఈ గొడవలేవీ ఉండవని కొందరంటారు. తిన్నటి రోడ్డు మీద నిజమే. కానీ దట్టమైన చెట్ల కింద, కొండ పక్కన సిగ్నల్ తడబడుతుంది. హెయిర్‌పిన్ మలుపుల్లో వంపును అడ్డంగా కోసేసి దూరం తక్కువ చూపించవచ్చు. పైగా ఎత్తును లెక్కలోకి తీసుకోకుండా అడ్డదూరం మాత్రమే కొలిచే రకమైతే 8 శాతం వాలున్న ఘాట్ మీద కిలోమీటరుకు మూడు మీటర్ల పైనే తగ్గుతుంది. నా దగ్గర జి.పి.ఎస్. రెండో సాక్షిగా ఉంటుంది, తీర్పు మాత్రం చక్రానిదే.

అంకె పైకా, కిందికా?

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

క్యాలిబ్రేషన్ అంకె రెండు రకాలుగా ఉంటుంది. మొదటి రకం మీటర్లలో అది "కిలోమీటరుకు ఎన్ని పల్స్‌లు" అని చెప్తుంది. రెండో రకంలో "ఒక్కో పల్స్‌కు ఎన్ని మిల్లీమీటర్లు" అని చెప్తుంది. ఒకటి పెంచితే దూరం తక్కువ చూపిస్తుంది, ఇంకోటి పెంచితే ఎక్కువ చూపిస్తుంది. సూత్రాలు కూడా తలకిందులవుతాయి.

మొదటి రకానికి: కొత్త అంకె = పాత అంకె × మీటర్ చూపిన దూరం ÷ అసలు దూరం.
రెండో రకానికి: కొత్త అంకె = పాత అంకె × అసలు దూరం ÷ మీటర్ చూపిన దూరం.

మీది ఏ రకమో మాన్యువల్ పోయినా తెలుసుకోవచ్చు. ఒక కిలోమీటరు నడిపి చూపిన దూరం రాసుకోండి. అంకెను బాగా, పది శాతం దాకా పెంచి అదే కిలోమీటరు మళ్లీ నడపండి. దూరం తగ్గితే మొదటి రకం, పెరిగితే రెండో రకం. తెలిసింది ఒక స్టిక్కర్ మీద రాసి మీటర్ పక్కనే అతికించండి, మొదటి రకమైతే ఇలా: "అంకె పెంచితే దూరం తగ్గును." పొద్దున్నే నాలుగింటికి లేచి, నిద్ర చాలక, మార్షల్ జెండా చూస్తూ ఉన్నప్పుడు తర్కం పనిచేయదు, స్టిక్కర్ పనిచేస్తుంది.

ఇంట్లో కూర్చునే మొదటి అంచనా వేసుకోవచ్చు. టైరు 185/65 ఆర్15 అనుకుందాం. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381 మి.మీ. టైరు పక్కగోడ ఎత్తు 185లో 65 శాతం, అంటే 120.25 మి.మీ., పైనా కిందా కలిపి 240.5. మొత్తం వ్యాసం 621.5 మి.మీ., చుట్టుకొలత సుమారు 1,952 మి.మీ. బరువు పడ్డాక టైరు కాస్త నొక్కుకుపోయి ఒక చుట్టుకు అంతకన్నా మూడు శాతం దాకా తక్కువే కదులుతుంది. 1,894 మి.మీ. అనుకుంటే కిలోమీటరుకు 528 చుట్లు, చుట్టుకు నాలుగు పల్స్‌ల చొప్పున 2,112 పల్స్‌లు. మీరు క్యాలిబ్రేట్ చేశాక వచ్చిన అంకె దీనికి దరిదాపుల్లో ఉంటే బిగింపు సరిగ్గా ఉన్నట్టు. 1,056 వస్తే సెన్సర్ బోల్టు విడిచి బోల్టు చదువుతోందన్నమాట, సందు చూసుకోండి.

క్యాలిబ్రేషన్ రోజు

పోటీకి వారం ముందు ఒక తెల్లవారుజామున పెట్టుకోండి. కారులో పోటీ రోజు ఏముంటాయో అన్నీ ఉండాలి: ఇద్దరు మనుషులు, స్టెప్నీ, పనిముట్లు, నిండా పెట్రోలు. గాలి పోటీలో ఎంత పెడతారో అంతే పెట్టి, ఆ అంకె రాసుకోండి. చల్లని టైర్లతో కొలవొద్దు. పది పదిహేను కిలోమీటర్లు తిప్పి వేడెక్కాకే మొదలుపెట్టండి.

చోటు ఎంచుకోవడంలో ఉంది అసలు కిటుకు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు వెంటనే గుర్తొస్తుంది, కానీ అక్కడ బండి ఆపకూడదు, ఆపితే ప్రమాదం. నేను శ్రీశైలం రోడ్డు పట్టుకుని కడ్తాల్ దాటాక ఖాళీగా ఉండే చోటు చూసుకుంటాను. కావాల్సింది తిన్నగా ఉండి, ఆపడానికి పక్కన జాగా ఉండి, కిలోమీటరు రాళ్లు వరసగా కనబడే పది కిలోమీటర్ల రోడ్డు. జాతీయ రహదారి రాయికి పైన పసుపు రంగు, రాష్ట్ర రహదారి రాయికి ఆకుపచ్చ ఉంటాయి. మధ్యలో 200 మీటర్లకొకటి 2, 4, 6, 8 అని చిన్న రాళ్లు కూడా వస్తాయి.

ఏ ఒక్క రాయినీ నమ్మొద్దు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు, బైపాస్ వేసినప్పుడు రాళ్లు జరుగుతాయి. ఒక్కోసారి పొలం గట్టు పక్కన ఎవరికో అడ్డమైతే కూడా జరుగుతాయి. అందుకే మొదటిసారి పది రాళ్ల దగ్గరా ఆగకుండా, రాయి దాటుతున్న క్షణంలో మీటర్ చూసి అంకె రాసుకుంటూ పోండి. 1.05, 2.11, 3.17, 4.09, 5.28 ఇలా వచ్చిందనుకోండి. నాలుగో రాయి తన చోట లేదని తెలిసిపోతుంది. మొదటి రాయి, చివరి రాయి మిగతావాటితో లెక్క కలిసేవై ఉండాలి.

ఇక అసలు కొలత. మీ భుజం రాయికి సరిగ్గా ఎదురుగా వచ్చేలా కారు ఆపి సున్నా చేయండి. భుజమే కానక్కర్లేదు, తలుపు స్తంభమైనా సరే, మొదట్లోనూ చివర్లోనూ ఒకటే గుర్తు వాడితే చాలు. డ్రైవర్‌కు చెప్పాల్సింది ఒక్కటే: ఒకే లైను, ఒకే వేగం, ఓవర్‌టేక్ వద్దు. గేదెల మంద అడ్డొచ్చి పక్కకు తిప్పాల్సి వస్తే ఆ కొలత చించేసి మళ్లీ మొదలుపెట్టండి. చివరి రాయి దగ్గర అదే గుర్తుతో ఆగి చదవండి. తర్వాత వెనక్కి తిరిగి అదే దారి ఎదురు దిశలో కొలవండి. మొత్తం మూడుసార్లయినా కొలిస్తే మంచిది.

పది కిలోమీటర్లు ఎందుకంటే, మీటర్ చివరి అంకె పది మీటర్లే చూపిస్తుంది. ఒక కిలోమీటరు మీద పది మీటర్లంటే ఒక శాతం తప్పు. పది కిలోమీటర్ల మీద అదే 0.1 శాతానికి దిగుతుంది. రాయి దగ్గర ఐదు మీటర్లు అటూ ఇటూ ఆగినా అదే లెక్క.

నా మీటర్‌లో కంపెనీ పెట్టిన అంకె 2,000. మూడు కొలతలూ 10.56 దగ్గరే వచ్చాయి. 2,000 × 10.56 ÷ 10 = 2,112. అదే మీటర్ రెండో రకమై, అంకె 500 మి.మీ. అయ్యుంటే 500 × 10 ÷ 10.56, అంటే 473.5 పెట్టేవాళ్లం. కొత్త అంకె పెట్టాక ఇంకోసారి ఆ పది కిలోమీటర్లు నడిపి 10.00 వస్తోందో లేదో చూడకుండా ఇంటికి రావొద్దు. లెక్క తలకిందులైతే దొరికేది ఇక్కడే.

మీటర్‌లో రెండు అంకెలు దాచుకునే వీలుంటే రెండోదాన్ని స్టెప్నీ కోసం వాడండి. చాలా కార్లలో స్టెప్నీ సైజు వేరు. సైజు ఒకటే అయినా అది కొత్తది, నడిచే టైరు అరిగింది. కొత్త టైరు మీద గాడి లోతు సుమారు 8 మి.మీ. ఉంటుంది. అందులో 6 మి.మీ. అరిగితే వ్యాసం 12 మి.మీ. తగ్గుతుంది, కాగితం మీద 1.9 శాతం. రేడియల్ టైరు లోపలి ఉక్కు పట్టీ వల్ల నిజంగా అంత తేడా రాకపోవచ్చు, కానీ అందులో సగం వచ్చినా పోటీ పోయినట్టే. సెన్సర్ ఉన్న చోట స్టెప్నీ వేసి ఒకసారి కొలిచి పెట్టుకుంటే పంక్చరైన రోజు ఒక బొత్తంతో పనైపోతుంది.

పోటీ పొద్దున: వాళ్ల కిలోమీటరు

చాలా పోటీల్లో రోడ్ బుక్ మొదట్లోనే ఒక కొలత దారి ఇస్తారు. "ఈ పెట్రోలు బంకు బోర్డు నుంచి ఆ కల్వర్టు దాకా 8.42" అని రాసుంటుంది. మీ వారం రోజుల కష్టం ఇక్కడ పక్కకు పోతుంది. ఇంటి దగ్గర చేసిన క్యాలిబ్రేషన్ మిమ్మల్ని సరైన ఊరికి తెస్తుంది, ఇది సరైన ఇంటికి తెస్తుంది.

మీ మీటర్ 8.47 చూపించిందనుకోండి. 2,112 × 8.47 ÷ 8.42 = 2,124.5. అంకెను 2,125 చేయండి. వాళ్ల కిలోమీటరు మీ కిలోమీటరు కన్నా ఆరు మీటర్లు పొడుగు, అంతే. వాదించడం అనవసరం.

నేను ఒకసారి ఇదే లెక్క తలకిందులుగా చేశాను. 8.42ను పైనా 8.47ను కిందా వేసి 2,100 పెట్టాను. 0.6 శాతం తప్పు పోవడానికి బదులు 1.2 శాతమైంది. 40 కిలోమీటర్లకు 480 మీటర్లు, 48 వేగంలో 36 సెకన్లు. మీటర్ ఎక్కువ చూపిస్తోంది కాబట్టి మేము చాలా దూరం వచ్చేశామనుకుని, నిమ్మళంగా, ప్రతి కంట్రోల్‌కూ ఆలస్యంగా చేరాం. మీటర్ తక్కువ చూపిస్తే దీనికి వ్యతిరేకం, ముందే చేరతారు. కొన్ని పోటీల్లో ముందొచ్చినందుకు పెనాల్టీ ఎక్కువ, ఆ పోటీ నియమావళిలో చూసుకోండి. అప్పటినుంచి నేను లెక్క చేశాక డ్రైవర్‌ను ఒక్క ప్రశ్న అడుగుతాను: "మనది ఎక్కువ చూపిస్తోంది, తగ్గించాలి. అంకె పెరగాలా, తగ్గాలా?" ఆయన స్టిక్కర్ చూసి చెప్తాడు.

గడియారం కూడా మర్చిపోవద్దు. ఫోన్ టైము కాదు, నిర్వాహకుల అఫీషియల్ టైము ఎంతో స్టార్ట్ దగ్గర చూసి సెకనుతో సహా కలపండి. దూరం అంతా సరిగ్గా ఉండి గడియారం నాలుగు సెకన్లు తప్పితే ప్రతి కంట్రోల్‌లో నాలుగు సెకన్లు కట్టాల్సిందే.

దారిలో

సగటు వేగాన్ని కిలోమీటరుకు సెకన్లుగా మార్చుకుంటే బుర్రకు భారం తగ్గుతుంది. 3,600ను వేగంతో భాగించడమే. 30 అయితే 120 సెకన్లు, 36 అయితే సరిగ్గా 100, 40కి 90, 45కి 80, 48కి 75, 50కి 72. ఉదాహరణకు స్టార్ట్ 7:05:00కు. మొదటి 12.40 కి.మీ. 36తో, అక్కడి నుంచి 20.00 దాకా 48తో వెళ్లమన్నారు. 12.40 × 100 = 1,240 సెకన్లు, అంటే 20 నిమిషాల 40 సెకన్లు. మిగిలిన 7.60 × 75 = 570 సెకన్లు, అంటే తొమ్మిదిన్నర నిమిషాలు. 20.00 దగ్గర 7:35:10కి ఉండాలి. రాత్రి హోటల్లోనే ప్రతి కిలోమీటరుకూ ఇలా రాసి పెట్టుకుంటే, దారిలో మీ పని చదవడం వరకే. ఎన్ని సెకన్లు ముందున్నామో తానే చూపించే కంప్యూటర్లు కూడా ఉన్నాయి, అయితే వాటిని అన్ని విభాగాల్లోనూ అనుమతించరు.

డ్రైవర్‌కు మీటర్ చూసే పని పెట్టొద్దు. ఆయన కళ్లు రోడ్డు మీదే ఉండాలి. మీరు "మూడు సెకన్లు వెనక", "సరిగ్గా ఉన్నాం" అని చెప్తూ ఉంటే చాలు. మూడు సెకన్ల కోసం ఊరి మధ్యలో తొక్కించకండి. ఊరు దాటాక నెమ్మదిగా కలుపుకోవచ్చు.

జంక్షన్ దగ్గర సున్నా ఎప్పుడు కొట్టాలన్నది అలవాటు మీద వస్తుంది. నిర్వాహకులు సాధారణంగా జంక్షన్ నడిమధ్యన కొలుస్తారు. కారు మలుపు మధ్యలోకి వచ్చినప్పుడు కొట్టండి, ప్రతిసారీ ఒకేలా. హోల్డ్ నొక్కి అంకె ఆపితే, లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది, మీరు తాపీగా రోడ్ బుక్‌తో పోల్చుకోవచ్చు.

దారి తప్పితే కంగారు పడకండి. తప్పు మలుపు దగ్గర 14.22 ఉండాలని రోడ్ బుక్ చెప్తోంది, మీరు 14.57 దగ్గర తెలుసుకున్నారు. కారు ఆపి, యూ-టర్న్ తీసుకునే ముందే లెక్కను వెనక్కి మార్చండి. వెనక్కి వస్తుంటే అంకె తగ్గుతూ జంక్షన్ దగ్గర 14.22 అవుతుంది. అక్కడ మళ్లీ ముందుకు మార్చండి. మార్చడం మర్చిపోతే ఇంకా తేలిక: జంక్షన్‌కు తిరిగొచ్చాక ఆగి, చేత్తోనే 14.22 పెట్టేయండి. పోయిన సమయం ఎలాగూ పోయింది, దూరం అయినా మిగలాలి.

ఇప్పుడు అనుభవం ఉన్న నావిగేటర్‌ని వేరు చేసే విషయం. జంక్షన్ దగ్గర తేడా కనబడితే దూరం సరిదిద్దాలా, క్యాలిబ్రేషన్ అంకె సరిదిద్దాలా? రోడ్ బుక్ మార్జిన్లో ప్రతి గట్టి గుర్తు దగ్గరా మీ అంకె పెన్సిల్‌తో రాస్తూ పోతే జవాబు దానంతటదే కనబడుతుంది.

రోడ్ బుక్ అంకెలు 5.10, 10.35, 20.60. మీవి 5.12, 10.39, 20.68 అయితే తేడా 20 మీటర్లు, 40, 80. దూరంతో పాటు పెరుగుతోంది. ఇది క్యాలిబ్రేషన్ అంకె తప్పు. 2,125 × 20.68 ÷ 20.60 = 2,133 పెట్టి, దూరాన్ని కూడా 20.60 చేయండి.

మీవి 5.10, 10.43, 20.68 అయితే తేడా సున్నా, 80, 80. మధ్యలో ఎక్కడో ఒక్కసారి వచ్చింది, ఆ తర్వాత పెరగలేదు. తప్పు దారిలోకి కాస్త పోయి తిరిగొచ్చారో, టీ బంకు ముందు చుట్టు తిప్పారో. అంకెను ముట్టుకోవద్దు, దూరం మాత్రం 20.60 చేయండి. రెండు సందర్భాల్లోనూ చివర తేడా 80 మీటర్లే, ఒక్క గుర్తే చూసి నిర్ణయిస్తే సగంసార్లు తప్పు మందు వేస్తారు.

ఇక్కడ ఒక మెలిక. కొన్ని మీటర్లు లోపల పల్స్‌లనే దాచుకుంటాయి. వాటిలో అంకె మార్చగానే అప్పటిదాకా వచ్చిన మొత్తం దూరం కూడా కొత్త అంకెతో మారిపోతుంది. మిగతావాటిలో అక్కడి నుంచి వచ్చే దూరానికే కొత్త అంకె వర్తిస్తుంది. ఇంటి దగ్గర రెండు కిలోమీటర్లు నడిపి అంకె మార్చి చూడండి, స్క్రీన్ మీద దూరం గెంతితే పల్స్‌లు దాచుకునే రకం. దాన్నీ స్టిక్కర్ మీద రాయండి.

ఘాట్ రోడ్డు మీద ఒక్క సంగతి. ఎడమ చక్రం మీద సెన్సర్ ఉంటే ఎడమ మలుపులో తక్కువ, కుడి మలుపులో ఎక్కువ చూపిస్తుంది. చక్రాల మధ్య మీటరున్నర ఉంటే పూర్తి హెయిర్‌పిన్‌కు రెండు మీటర్ల పైచిలుకు. ఈగలపెంట నుంచి శ్రీశైలం డ్యామ్ వైపు దిగేటప్పుడు మలుపులు అటూ ఇటూ వస్తాయి కాబట్టి చాలావరకు చెల్లుకు చెల్లు. అసలు తేడా డ్రైవర్ గీసే లైనుతో వస్తుంది. నిర్వాహకుల కారు మెల్లగా తన లేన్లోనే వెళ్లి కొలిచింది, మీరు వంపు లోపలి అంచు కోసుకుంటూ పోతే దూరం తగ్గుతుంది. లేన్లో ఉంటే ఎదురొచ్చే బస్సు నుంచి ప్రాణమూ దక్కుతుంది, దూరమూ కలుస్తుంది.

వాన పడితే సెన్సర్ మీద బురద గడ్డకట్టిందేమో సర్వీస్ కోసం ఆగినప్పుడు వేలితో తుడిచి చూడండి. ఉన్నట్టుండి మీటర్ ఆగితే ముందు వైరు, తర్వాత సందు, చివరికి ఫ్యూజు. అప్పటిదాకా కారు ఓడోమీటరూ గడియారమూ పట్టుకుని నడిపించండి. అందుకే స్టార్ట్ దగ్గర ఓడోమీటర్ అంకె రోడ్ బుక్ మొదటి పేజీ మీద రాసుకోవాలి.

పోటీ అయ్యాక, అలసిపోయి పడుకునే ముందే, డైరీలో ఒక వరస రాయండి: తేదీ, టైరు, గాలి ఎంత, ఇంటి అంకె 2,112, వాళ్ల అంకె 2,125, చివరికి తేలింది 2,133. అదే నిర్వాహకుల పోటీకి మళ్లీ వెళ్లినప్పుడు ఈ మూడు అంకెలే మొదటి చూపులో కావాల్సినవి.